వహీదా పరిగెత్తితే ఎవరో పోయినట్టే

మా గల్లీలో వహీదా వేగంగా నడిచిందంటే ఎవరింట్లోనో ఆడమనిషి పోయినట్టే. శాలిబండకు కాపురం వచ్చిన పందొమ్మిదేళ్ళలో నేను ముందుగా నేర్చుకున్న సంగతుల్లో ఇదొకటి. పగలంతా ఆమె కుట్టుమిషను మీద బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ముస్లిం ఇళ్ళలో ఆడవాళ్ళు చనిపోతే, ఖననానికి తీసుకెళ్ళే ముందు ఒళ్ళు కడిగి చివరి స్నానం చేయించి తెల్లబట్ట చుడతారు. గుసుల్ అంటారు దాన్ని. చుట్టుపక్కల నాలుగు గల్లీలకు గుసుల్ ఇచ్చే మనిషి వహీదా. కబురు అందగానే నల్ల బురఖా తొడుక్కుని, చేతిలో చిన్న సంచీతో, అటూ ఇటూ చూడకుండా నడుస్తుంది. ఆమె ఏ గుమ్మం ముందు ఆగితే ఆ ఇంటి ముందు కాసేపటికి కుర్చీలు పడతాయి.

అలాంటి మనిషి కిందటేడు ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున మా గల్లీలో పరిగెత్తింది. నడవడం కాదు, పరుగే. మూలమీద పాలబూత్ తెరుస్తున్న బాలనర్సింహ చేతిలో ట్రే అలాగే పట్టుకుని, "ఎవరమ్మా?" అని అడిగాడు.

"ఎవ్వలు లేరన్నా, ఊకనే," అని ఆమె ఆగకుండా పోయింది.

ఆ మాట ఎవరూ నమ్మలేదు. నాలుగిళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. జబ్బుపడ్డ అత్తలున్నవాళ్ళు, పురిటికి వెళ్ళిన కూతుళ్ళున్నవాళ్ళు గబగబా ఫోన్లు చేసుకున్నారు. మా ఆయన రాధాకృష్ణమూర్తి మాత్రం దుప్పటి మొహం మీదికి లాక్కుని, "ఎవరు పోయారో తెల్లారితే తెలుస్తుంది, కాఫీ పెట్టు నాగమణీ," అన్నారు. తెల్లారింది, మధ్యాహ్నమైంది, ఎవరూ పోలేదు. మర్నాడు ఆమె మళ్ళీ పరిగెత్తింది. ఆ మర్నాడూ అంతే.

ఊరికే ఎవరైనా పరిగెడతారా? మా గల్లీలో పరిగెత్తేవాళ్ళు రెండే రకాలు. వెనక ఎవరో తరుముతున్నవాళ్ళు, ముందు బస్సు వెళ్ళిపోతున్నవాళ్ళు. వహీదా ఈ రెండు రకాల్లోనూ చేరదు. పైగా నా బుద్ధి ఒకటుంది. ఇరవై ఆరేళ్ళుగా నాంపల్లిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో అర్జీలు పరిశీలించే సీట్లో కూర్చుంటున్నాను. మొదటిసారి చదివినప్పుడు ఏ అర్జీనీ నమ్మిన పాపాన పోలేదు. కొన్నాళ్ళు ఓపిక పట్టి, చివరికి వహీదానే మెట్ల దగ్గర ఆపి అడిగేశాను.

"ఏమని చెప్పాలక్కా," అంది ఆమె. "కిషన్‌బాగ్‌ల ఒకామెకు గుసుల్ ఇయ్యనీకి పోయిన. భారీ మనిషి. ఒక పక్కకు తిప్పినంక నా మోకాళ్ళు పట్టేసినయ్. లేస్తనంటే లేవస్తలేదు. ఇద్దరు ఆడోళ్ళు పట్టుకొని లేపిండ్రు నన్ను. ఆ అమ్మ గట్లనే సగం తిరిగి పండుకొని ఉన్నది. సచ్చిపోయినామె ముంగట మస్తు షరమైంది నాకు. దవాఖానల షుగర్ ఉన్నది, బరువు తగ్గాలె, నడువు అన్నరు. నడిచిన. నడుస్తుంటే ఉరకాలనిపించింది."

నడిచినంతవరకు నమ్మాను. ఉరకాలనిపించడం దగ్గర నా నమ్మకం ఆగిపోయింది. నలభై ఆరేళ్ళ మనిషికి, షుగరూ మోకాళ్ళ నొప్పులూ పెట్టుకుని, ఉరకాలనిపిస్తుందా?

గల్లీ మాత్రం మెల్లగా అలవాటు పడింది. రంజాన్ నెలలో ఆపి, పండగయ్యాక మళ్ళీ మొదలుపెట్టేది. ఆమె పరుగు చూసి బాలనర్సింహ బూత్ తెరిచే వేళ సరిచూసుకోవడం మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి వహీదా సగానికి సగం తగ్గింది. బురఖా వదులైపోయింది. గురువారం సంతలో కొన్న పాత బూట్లు అరిగి, రెండో జత వచ్చింది. ఏదో పెద్ద జబ్బు దాస్తోందని కొందరన్నారు. ఎవరో ఏదో పెట్టించారని ఇంకొందరు. ఆమె భర్త షఫీఉద్దీన్ ఆటో నడుపుతాడు. మిగతా రోజులు తెల్లవారగానే బడిపిల్లలను ఎక్కించుకుంటాడు కాబట్టి, ఆదివారం ఒక్కరోజు ఆమెను మీర్ఆలం చెరువు దాకా తీసుకెళ్ళి దింపేవాడు. మూడేసి గంటలు అక్కడేం చేస్తుందని అడిగితే, "ఉరుకుతది మేడమ్," అనేవాడు, అదేదో అందరి ఇళ్ళలో జరిగేదే అన్నట్టు.

ఇంకో సంగతి కూడా నన్ను తినేసేది. శనివారాలు మధ్యాహ్నం వహీదా మా ఇంటికి వచ్చి మా అమ్మాయి నీహారిక గదిలో కూర్చునేది. ఇద్దరూ ఫోన్‌లో ఏదో చూస్తూ గుసగుసలు. నేను కాఫీ పట్టుకుని గుమ్మంలోకి రాగానే మాట ఆగిపోయేది. నా ఇంట్లో నా కూతురు నాకు తెలియకుండా ఏదో నడుపుతోందని మాత్రం రూఢి అయింది.

ఈ ఏడాది జూన్‌లో వహీదా చుట్లు పెంచింది. మా గల్లీలో బయల్దేరి, మెయిన్ రోడ్డెక్కి, గడియారస్తంభం దాకా వెళ్ళి, వెనక గల్లీలోంచి మళ్ళీ మా గల్లీలో తేలడం ఒక చుట్టు. అలా ఎనిమిది. పొద్దున్నే మేడ మీద కుండీలకు నీళ్ళు పోయడం పది నిమిషాల పని. నేను గంట పోసేదాన్ని. అలా పోస్తున్న రోజుల్లోనే కనిపెట్టాను. ప్రతి చుట్టులోనూ ఆమె ఒకేచోట ఆగుతోంది. ఉమ్మే హానీ గారి కిటికీ దగ్గర.

ఉమ్మే హానీది మా ఎదురు వరుసలో చివరి ఇల్లు. ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్ళు. అందరికీ ఖాలాయే, అంటే పిన్ని. మార్చిలో స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ వద్దన్నారట డాక్టర్లు. అప్పట్నుంచీ గల్లీ వైపు కిటికీ పక్కన మంచానికే అతుక్కుపోయింది. ఆ కిటికీ దగ్గర వహీదా ఆగి, చెవి దగ్గరగా పెట్టి, రెండు క్షణాలు విని మళ్ళీ పరిగెత్తేది. ఒకరోజు కిటికీ ఊచల్లోంచి ఒక చెయ్యి బయటికి రావడం చూశాను. వహీదా ఆ చేతిలోది ఏదో తీసుకుని నోట్లో వేసుకుంది.

ఏమిటది? ఎందుకు? పోయినవాళ్ళను కడిగే మనిషికి, పోబోయే మనిషి కిటికీ దగ్గర రోజూ ఏం పని? మనసులో పుట్టిన పురుగు నన్ను నిద్రపోనివ్వలేదు.

రెండు రోజుల తరవాత పాలబూత్ దగ్గర ఖాలా కొడుకు తౌఫీఖ్ కనబడ్డాడు. ఫర్నిచర్‌కు పాలిష్ వేసే పని అతనిది. మంచివాడే, కానీ తల్లి విషయంలో గాజుబొమ్మను మోస్తున్నవాడిలా ఉంటాడు. నేను, "నాకెందుకులే గానీ," అని మొదలుపెట్టాను. ఆ మాటతో మొదలుపెట్టినదేదీ నాకు అక్కర్లేనిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అతనికి తెలియదు.

"వహీదా రోజూ మీ అమ్మగారి కిటికీ దగ్గర ఆగుతోంది తౌఫీఖ్ గారూ. ఒకసారి కాదు, ఎనిమిదిసార్లు. చెవి పెట్టి వింటోంది."

అతని మొహం మాడిపోయింది. "అమ్మీ పొద్దుగాల కండ్లు తెరుస్తనే వహీదా వచ్చిందా అని అడుగుతది మేడమ్. భయపడుతున్నదేమో అనుకున్న. ఏం వింటున్నదంటరు?"

"ఏమో మరి. ఊపిరి ఉందో లేదో అనేమో," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఎవరి మీదికీ నెట్టడానికి లేదు.

మర్నాడు తెల్లవారుజామున తౌఫీఖ్ గల్లీ మధ్యలో నిలబడ్డాడు. మూడో చుట్టులో వహీదా వచ్చింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"వహీదా ఆపా, అమ్మీ ఇంక బతికే ఉన్నది. నువ్వు దినాం వచ్చి చూసిపోవుడేంది?"

వహీదా రొప్పుతూ, "ఖాలాను అడిగినవా తమ్మీ?" అంది.

"ఏం అడగాలె? ఇగ ఈ గల్లీల ఉరకకు. అమ్మీ టైమ్ వచ్చిననాడు కిషన్‌బాగ్ నుంచి వేరే ఆమెను పిలుచుకుంటం. నువ్వు రాకు."

బాలనర్సింహ వింటున్నాడు. తలుపుల సందుల్లోంచి ఆడవాళ్ళు వింటున్నారు. మేడ మీద నేనూ వింటున్నాను. వహీదా కిటికీ వైపు చూసింది. ముందు రాత్రే తౌఫీఖ్ రెక్కలు మూసి గడియ పెట్టేశాడు. ఆమె బురఖా సర్దుకుని ఇంటి వైపు నడిచింది. కోపం వస్తే ఎదురు మాట్లాడాలి కదా, మాట్లాడలేదంటే ఏదో ఉన్నట్టే కదా, అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ వారంలోనే వెనక గల్లీలో ఒక ముసలావిడ, మాదన్నపేట వైపు ఒక నడివయసావిడ పోయారు. రెండిళ్ళవాళ్ళూ కిషన్‌బాగ్ ఆవిణ్ణే పిలిపించుకున్నారు. గల్లీలో ఒక మాట పుడితే కాళ్ళొచ్చి నాలుగు గల్లీలూ తిరుగుతుంది. వహీదా చావుల కోసం కాచుకుని ఉంటుందన్న మాట తిరిగింది. ఇరవై రెండేళ్ళుగా ఏ ఇల్లు పిలిచినా కుడుతున్న బట్ట వదిలి వెళ్ళిన మనిషి ఆమె. ఇప్పుడు పక్కింట్లో ఏడుపులు వినిపిస్తున్నా మిషను మీద కూర్చునే ఉంది. ఆ మిషను చప్పుడు నాకు మా వంటింట్లోకి వినిపించేది.

ఆదివారం నీహారిక నా ముందుకొచ్చి నిలబడింది. "ఏం చేశావమ్మా నువ్వు?"

"నేనేం చేశాను?"

"వహీదా ఆంటీ మారథాన్‌కి పేరిచ్చింది. ఆగస్టులో. నలభై రెండు కిలోమీటర్లు. ఫారం నింపింది నేనే. ఏ రోజు ఎంత పరిగెత్తాలో రాసిచ్చింది కూడా నేనే. ఇప్పుడు పరిగెత్తనివ్వకపోతే పదహారు నెలల కష్టం పోయినట్టే."

"బయట ఎక్కడైనా పరిగెత్తొచ్చు కదా?"

"ఎక్కడమ్మా? చీకట్లో మెయిన్ రోడ్డు మీద ఒక్కర్తే ఎంత దూరం పోతుంది? ఏ ఇంటినుంచి కబురొస్తుందోనని ఫోన్ ఇంట్లో పెట్టి, ప్రతి చుట్టుకూ ఇంటి ముందుకొచ్చేలా ఇక్కడిక్కడే తిరుగుతుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా. పూర్తి చేయలేకపోతే గల్లీ అంతా నవ్వుతారని ఆంటీ భయపడింది."

కానీ నా అనుమానం పూర్తిగా చావలేదు. మారథాన్ సరే. కిటికీ సంగతేమిటి?

దానికి జవాబు పదో రోజున తౌఫీఖ్ తెచ్చాడు. ఆఫీసుకు బయల్దేరుతుంటే తలుపు కొట్టాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇన్ని దినాలు వహీదాకు పానం మంచిగ లేదని చెప్పుకుంట వచ్చిన మేడమ్. అమ్మీ నిన్నటి సంది తింటలేదు. ఇయ్యాల పొద్దుగాల అడిగింది, వహీదా ఎప్పుడు పోయింది, నాకెందుకు చెప్పలేదు అని. నన్ను కడగాల్సినామె నాకంటే ముందే పోయిందా, ఆమెకు గుసుల్ ఎవరు ఇచ్చిండ్రు అని ఒకటే ఏడుపు. పోలేదమ్మీ, నేనే వద్దన్న అంటే నమ్మలే. తర్వాత కొట్టింది నన్ను."

ఖాలా అతనికి చెప్పిన సంగతి ఇది. వహీదా పరిగెడుతూ దరూద్, అంటే ప్రవక్త పేరున చేసే ప్రార్థన, చదువుకుంటుంది. చదువుతుంటే ఎన్ని చుట్లయ్యాయో మర్చిపోతుంది. ఒకరోజు ఏడో ఎనిమిదో తెలియక కిటికీ దగ్గర నిలబడి వేళ్ళు మడుస్తుంటే ఖాలా చూసింది. ఇక తాను లేవలేదు, నడవలేదు, లెక్కయినా పెడతానంది. చేతిలోని తస్బీ జపమాలలో చుట్టుకొక పూస జరిపి, కిటికీలోంచి "చార్", "పాంచ్" అని చెప్పేది. అయిదో చుట్టు తరవాత సగం ఖర్జూరం చేతిలో పెట్టేది. మూడు నెలలుగా మంచానపడ్డ మనిషికి పొద్దున్నే లేవడానికి ఒక పని దొరికింది. ఆ పనిని మేం లాగేసుకున్నాం.

"కిటికీ మూసింది నేను," అన్నాడు తౌఫీఖ్.

"మూయించింది నేను," అన్నాను.

ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టాను. ఇద్దరం వహీదా ఇంటికి వెళ్ళాం. దారంతా ఏ మాట ముందు అనాలో కూర్చుకున్నాను, ఒక్కటీ కుదరలేదు. తౌఫీఖ్, "అమ్మీ తింటలేదు ఆపా," అన్నాడో లేదో వహీదా మిషను మీంచి లేచింది. దారం తెంపలేదు, చెప్పులు వెతుక్కోలేదు. గల్లీలో మాకంటే ముందు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"నేను ఖాలా చావు కోసం చూస్తున్న అనుకున్నవా అక్కా?"

"అనుకున్నాను," అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"పందొమ్మిదేండ్ల సంది ఎదురుంగనే ఉన్నం గదా," అంది. అంతే. ఆ తరవాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. తిట్టినా బాగుండేది నాకు.

పరుగు మళ్ళీ మొదలైంది. ఖాలా అన్నం ముట్టింది. కానీ మాట వెనక్కి తీసుకోవడం తౌఫీఖ్ ఒక్కడి చేతిలో లేదు. జులైలో ఇంకో రెండు చావులు జరిగాయి. ఆ ఇళ్ళవాళ్ళూ వహీదాను పిలవలేదు. ఒకసారి కుట్టిన జాకెట్టు ఇవ్వడానికి వచ్చి, మెట్ల మీదే కూర్చుని చెప్పింది.

"ఉరకనిస్తున్నరక్కా. పిలుస్తలేరు. తౌఫీఖ్ గూడ ఆ మాట తియ్యలే. ఖాలాకు నేను గుసుల్ ఇస్తనో లేదో తెల్వదు. ఈ మోకాళ్ళు మంచిగ చేసుకున్నదే దానికోసం."

ఇంటింటికీ వెళ్ళి, నేను పొరపాటు పడ్డానని చెప్పాను. విన్నారు, తల ఊపారు. నా మొహం చూసి, ఈవిడ ఇప్పుడెందుకు మాట మారుస్తోందని అనుమానపడ్డారు. తప్పేముంది, నేనైనా అదే పని చేసేదాన్ని.

ఆగస్టు చివరి ఆదివారం వచ్చింది. షఫీఉద్దీన్ ఆమెను ముందే తీసుకెళ్ళి దింపి వచ్చి, పొద్దెక్కాక నన్నూ నీహారికనూ ఎక్కించుకుని పరుగు ముగిసే చోటికి తీసుకెళ్ళాడు. నాకు అక్కడా అనుమానాలే. దారిలో పడిపోయిందేమో. షుగర్ పడిపోయి ఎవరో ఆస్పత్రికి తీసుకెళ్ళారేమో. బక్కపలచని కుర్రాళ్ళు వచ్చారు, ఖరీదైన కళ్ళద్దాల ఆడపిల్లలు వచ్చారు, నా వయసు మగవాళ్ళు కుంటుతూ వచ్చారు. పరుగు మొదలై అయిదు గంటలైంది. ఆరైంది. పక్కనున్న అరటితొక్కల డబ్బా నిండిపోయింది. షఫీఉద్దీన్ కూర్చోలేదు.

మొదలైన ఆరు గంటల ఇరవై నిమిషాలకు వహీదా వచ్చింది. పొడుగు చేతుల నల్ల కమీజు, తలకు గట్టిగా చుట్టిన స్కార్ఫు, ఛాతీ మీద నంబరు కాగితం తడిసి ముడతలు పడిపోయింది. పరుగనడానికి లేదు, నడక కూడా కాదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. గీత దాటగానే ఎవరో మెడలో పతకం వేశారు. నేను ఏడ్చేశాను. ఇంతమందిలో ఏడవడం నాకు నచ్చదు, అయినా ఏడ్చాను.

వహీదా షఫీఉద్దీన్ దగ్గరికి వచ్చి మొదట అడిగిన మాట, "ఫోన్ వచ్చిందా?"

"రాలే," అన్నాడు ఆయన.

"ఏ ఇంటి నుంచీ?"

"రాలే వహీదా."

ఆమె తల ఊపి, ఆటోలో ఎక్కడానికి ఊచ పట్టుకుంది. కాలు ఎత్తలేకపోయింది. నేనూ నీహారికా పట్టి కూర్చోబెట్టాం.

గల్లీలో దిగేసరికి తౌఫీఖ్ ఎదురొచ్చాడు. "అమ్మీ పిలుస్తున్నది ఆపా. పొద్దుగాల సంది పండుకోలే," అన్నాడు. వహీదా అలాగే వెళ్ళింది, వెనక మేము. మా వెనక పతకం చూద్దామని ఏడెనిమిది మంది ఆడవాళ్ళు. అందులో జులైలో కిషన్‌బాగ్ ఆవిణ్ణి పిలిపించుకున్న రెండిళ్ళవాళ్ళూ ఉన్నారు.

ఖాలా దిండ్లకు చేరగిలి కూర్చుని ఉంది. మంచం పక్కన కుర్చీ, దాని ముందు ఎత్తు పీట మీద తొట్టి, అందులో పొగలు వస్తున్న నీళ్ళు.

"కూసో. కాళ్ళు పెట్టు," అంది.

వహీదా బూట్లు విప్పింది. పాదాలు బన్నుల్లా పొంగాయి. ఒక బొటనవేలి గోరు నల్లబడిపోయింది. నీళ్ళలో పెట్టగానే ఖాలా చేతులు చాచి ఆ పాదాలు పట్టుకుంది. వహీదా కంగారుగా వెనక్కి లాక్కుంది.

"వద్దు ఖాలా. మీరు పెద్దోళ్ళు. నాకు గునా తగులుతది."

"గునా ఏంది. రేపు నువ్వు నన్ను కడిగేటప్పుడు నీకు దువా ఇయ్యనీకి నాకు నోరుంటదా? ఇరవై రెండేండ్ల సంది ఎంతమందిని కడిగినవో. ఒక్కరన్న లేచి షుక్రియా చెప్పిండ్రా? వాళ్ళందరి తరఫున నేను చెప్తున్న. పెట్టు కాళ్ళు."

ఖాలా కొడుకు వైపు తిరిగింది. "తౌఫీఖ్. నాకు వహీదానే. విన్నవా?"

"విన్న అమ్మీ," అన్నాడు అతను. "నువ్వు తినుడు మానేసిన రోజే కిషన్‌బాగ్ ఆమెకు వద్దని చెప్పొచ్చిన. ఆపాకు చెప్పనీకి మొహం రాలే."

"మీరూ విన్నరా?" అని గుమ్మంలోని ఆడవాళ్ళను అడిగింది. వాళ్ళు తలలు దించుకున్నారు. ఒకామె మెల్లగా, "విన్నం ఖాలా," అంది.

నాలుగు గల్లీల చావుల్లో వహీదా ఏడవగా నేను చూడలేదు. ఆ రోజు ఆ కుర్చీలో కూర్చుని, పతకం ఒళ్ళో వేసుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది. ఖాలా ఊరుకోమనలేదు. మడమలు రుద్ది, వేళ్ళ సందుల్లో నీళ్ళు పోసి, నల్లబడ్డ గోరు దగ్గరికి వచ్చి చెయ్యి ఆపింది.

"ఇక్కడ నొస్తుందా బిడ్డా?" అని అడిగింది.